గుమ్మం మీది ముడుపు

నేను ఒకసారి "లేదు" అన్నాను. రెండక్షరాల మాట. నీళ్ళు లేకుండా వేసుకున్న మాత్ర గొంతులో అడ్డం పడ్డట్టు, ఆ మాట ఇన్నేళ్ళూ అక్కడే ఉండిపోయింది. మింగుడుపడదు. కక్కితే రాదు. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు, ఆవిడ ఇప్పుడు లేదు కూడా. దేవుడికి చెప్పానా అంటే, ఆయనకు చెప్పుకునేటప్పుడు కూడా అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకుని ఏదో స్తోత్రం అందుకునేదాన్ని.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. మనుషుల పేర్లు కూడా మార్చాను. ఊరు మాత్రం మార్చలేను. లాల్‌దర్వాజాలో కాక ఇంకెక్కడైనా ఉండి ఉంటే నేను ఈ తప్పు చేసేదాన్ని కాదు. చూశారా, మొదలుపెట్టగానే ఊరి మీద తోసేస్తున్నాను. తప్పు ఊరిది కాదు, నాది.

నేను అనుమానపు మనిషిని. ముందే చెప్పేస్తే మంచిది. పాలలో నీళ్ళు కలిశాయని, బస్సులో పక్కావిడ నా సంచి వైపే చూస్తోందని, ఎవరైనా మంచిగా పలకరిస్తే ఏదో అవసరం పడిందని, చిన్నప్పటి నుంచీ అంతే. అనుమానం పెనుభూతమే అమ్మాయ్ అని మా నాన్న ఏడిపించేవాడు. అందరం నవ్వుకునేవాళ్ళం. ఆ భూతం ఒకనాడు నన్ను వదిలి ఇంకొకరిని పట్టుకుంటుందని మాకెవరికీ తోచలేదు.

తొంభైల మొదట్లో మా ఆయనకు నయాపూల్ దగ్గర ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. గుంటూరు వైపు నుంచి మూటాముల్లె సర్దుకుని వచ్చాం. రైలెక్కేటప్పుడు మా అమ్మ కిటికీ ఊచల్లోంచి నా చెయ్యి పట్టుకుని, అక్కడ చేతబడులు ఎక్కువట, ఎవరేమిచ్చినా తినకు అని చెప్పింది. నేను డిగ్రీ చదివినదాన్ని. నీ పిచ్చిగానీ అని నవ్వాను. నవ్వానేగానీ ఆ మాటను ఎక్కడో దాచుకున్నాను. పనికిరాని సామాను పారేయకుండా అటక మీద పెట్టుకుంటాం కదా, అలాగే.

మాకు దొరికిన ఇల్లు ఒక పాల వ్యాపారం చేసే వాళ్ళది. వెనక దొడ్లో బర్రెలు, ముందువైపు మాకు రెండు గదుల వాటా, మధ్యన వాకిలి. ఇంటావిడను యాదమ్మ అందాం. మొగుడు పోయాక పాల వ్యాపారం తనే చూసుకునేది. కొడుకు అప్పటికి ఇంకా చదువుకుంటున్నాడు. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉండేది, గొంతు మాత్రం గల్లీ చివరిదాకా వినపడేది. నేను పిన్నిగారూ అంటే ఆమెకు మహా సరదా. గల్లీలో అందరూ ఆమెను యాదమ్మక్క అనేవాళ్ళు, ఈ 'గారు' నా ఒక్కదాని దగ్గరే దొరికేది.

ఎదురింట్లో మల్లమ్మ ఉండేది. యాదమ్మకు ప్రాణ స్నేహితురాలు. ఇద్దరూ ఒకే ఏడు ఆ గల్లీకి కోడళ్ళుగా వచ్చారట. అప్పటి నుంచీ ప్రతి ఆషాఢంలో బోనం ఇద్దరూ కలిసే ఎత్తేవాళ్ళు. ఒకరు గడప దాటి నిలబడితే రెండో ఆమె వచ్చేదాకా అడుగు ముందుకు పడేది కాదు. పొద్దున యాదమ్మ పాలు పిండుతుంటే మల్లమ్మ వచ్చి పక్కన కూర్చుని ఇద్దరూ ఏదో ఒకటి పోట్లాడుకునేవాళ్ళు. ఆ లొల్లి వినపడకపోతే నాకు తెల్లారినట్టు ఉండేది కాదు.

ఆ ఏడు దసరా దాటాక నాకు జ్వరం మొదలైంది. సాయంత్రమైతే వచ్చేది, తెల్లవారేసరికి చెమటలు పట్టి తగ్గేది. దగ్గు. మనిషిని సగమయ్యాను. డాక్టరు ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీయించి, క్షయ అని తేల్చాడు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నాడు. నెలల తరబడి మాత్రలు మింగాలి. మా ఆయన ఆ మాట ఎవరికీ చెప్పొద్దన్నాడు, తెలిస్తే ఇల్లు ఖాళీ చేయమంటారని. కానీ యాదమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నా దగ్గు విని, నా మొహం చూసి, ఆమే గుర్తుపట్టింది. ఆమె చెల్లెలు పెళ్ళీడుకు రాకముందే ఈ జబ్బుతోనే పోయిందట. ఖాళీ చేయమంటుందని భయపడుతూ కూర్చున్నాను. ఆమె చెంబుతో పాలు తెచ్చి, మిరియాలూ పసుపూ వేసి కాచి, నా ముందు పెట్టింది.

ఎందుకు పెట్టింది? నా మనసు మొదట అడిగిన ప్రశ్న అది. కృతజ్ఞత కాదు, ప్రశ్న. జబ్బు తెలిసి కూడా ఇంట్లో ఉంచుకునే మనిషికి ఏదో లోపలి లెక్క లేకుండా ఉంటుందా?

రోజూ పొద్దుగూకే వేళ ఆమె కాళ్ళూ చేతులూ కడుక్కుని మా వాటాలోకి వచ్చేది. అమ్మవారి గుడి నుంచి తెచ్చిన పసుపు నా నుదుటికి రాసేది. బండారి అనేవాళ్ళు దాన్ని. వేపమండతో తల నుంచి కాళ్ళ దాకా దిగదుడిచి, పెదాలు మాత్రం కదిలేలా ఏదో అనుకునేది. ఏం అనుకునేదో వినపడేది కాదు. ఆ తర్వాత నా నుదుటి మీద చెయ్యి పెట్టి, "ఫికర్ జెయ్యకు బిడ్డా, అమ్మ చూస్తది" అని వెళ్ళిపోయేది. మా ఇంటి దేవుళ్ళు కొబ్బరికాయలతో, తులసిదళాలతో సరిపెట్టుకునేవాళ్ళు. వేటలు కోయించుకునే అమ్మవారంటే నాకు చిన్నచూపూ ఉండేది, లోలోపల భయమూ ఉండేది. ఈవిడ గొణిగేది దీవెనా, ఇంకేదైనానా అని పడుకుని ఆలోచించేదాన్ని.

అయినా నిజం చెప్పాలి. ఆ చెయ్యి కోసం ఎదురుచూసేదాన్ని. జ్వరం ఎక్కే వేళకు బండారి వాసనతో చల్లటి చెయ్యి నుదుటి మీద పడితే ఏడుపొచ్చేది. నేను స్వయంగా దేవుణ్ణి పిలవలేకపోయిన రోజులవి. ఎప్పుడూ చదివే స్తోత్రం సగంలో ఆగిపోయేది, ఎవరు వింటున్నారులే అనిపించేది. అప్పుడు నాకోసం ఇంకొక మనిషి పిలుస్తోందని తెలిసి బతుకు మీద ఆశ పుట్టేది. ఆ చెయ్యి కావాలి, ఆ చెయ్యి మీద నమ్మకం లేదు. ఒకే గుండెలో ఈ రెండూ ఎలా ఉన్నాయో నాకిప్పటికీ తెలియదు.

మాత్రలు మొదలైన రోజూ, ఆమె పాలు మొదలైన రోజూ ఒకటే. మరునాడు బాత్రూములో నా మూత్రం ఎర్రగా కనపడింది. ఆ పూట పాలు తాగినట్టే నటించి మోరీలో పారబోశాను. ఆ మర్నాడూ అంతే చేశాను. ఎరుపు పోలేదు. పోకపోతే పాల తప్పు కాదనుకోవాలి కదా? నేననుకోలేదు. ముందు తాగినదే లోపల పని చేస్తోందనుకున్నాను. అనుమానానికి రుజువు ఉన్నా రుజువే, లేకపోయినా రుజువే.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం, గుమ్మానికి కట్టిన మామిడాకులు ఎండి రాలుతుంటే, వాటిని తీద్దామని పీట వేసుకుని ఎక్కాను. ఆకుల వెనక, చెక్క సందులో, పసుపు గుడ్డతో కట్టిన మూట ఒకటి ఉంది. మూట ముడిలోంచి బట్ట కొస బయటికి కనిపిస్తోంది. నీలం మీద తెల్ల చుక్కలు. అది నా చీర. పాతదైపోయి చిరిగితే, బర్రెల దగ్గర తుడవడానికి పనికొస్తుందని యాదమ్మకు నేనే ఇచ్చిన చీర.

పీట మీదే నిలబడి విప్పాను. లోపల గుప్పెడు బియ్యం, ఒక రూపాయి బిళ్ళ, పసుపుకొమ్ము, నా చీర పేలిక. అంతే. మేకులు లేవు, వెంట్రుకలు లేవు. అయినా మా అమ్మ మాట అటక మీంచి దిగి వచ్చింది. మళ్ళీ మూట కట్టి, ఎక్కడుందో అక్కడే పెట్టి, దిగాను. ఆకులు తీయలేదు.

అప్పుడే యాదమ్మ దగ్గరికి వెళ్ళి ఇదేమిటి పిన్నిగారూ అని అడిగితే సరిపోయేది. ఎందుకు అడగలేదు? భయపడ్డానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, అడిగితే ఆమె ఏదో మంచి జవాబు చెబుతుందని, నా అనుమానం ఉత్తదైపోతుందని కూడా అనిపించి ఉంటుంది. జబ్బు మనిషికి తన జబ్బుకు ఒక శత్రువు కావాలి. కంటికి కనపడని పురుగు కంటే, ఎదురుగా తిరిగే మనిషి సులువు.

మర్నాడు పొద్దున పూలామె వచ్చింది. ఇంటింటికీ మూరల్లెక్కన పూలు ఇచ్చిపోయే మనిషి. ఆమెను అడిగాను. మీ వైపు బాణామతి అంటారు కదా, అదెలా ఉంటుంది, పసుపు గుడ్డలో మన చీర పేలిక కట్టి గుమ్మం మీద పెడతారా అని. ఎవరు పెట్టారో చెప్పలేదు. ఎవరి పేరూ ఎత్తలేదు. ఈ ముక్క మీద ఎంతకాలం బతికానో! పేరు ఎత్తలేదు, పేరు ఎత్తలేదు అనుకుంటూ. కానీ నేను ఉండేది ఎవరి ఇంట్లో? నా గుమ్మం మీద చెయ్యి పెట్టగలిగేది ఎవరు? పూలామె నా మొహంలోకి చూసింది, దొడ్డివైపు చూసింది, పూలు కొలవకుండానే ఇచ్చి వెళ్ళిపోయింది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఆ మాట పూలబుట్టతో పాటే గల్లీ అంతా తిరిగింది. వారం తిరక్కుండా పాలకొచ్చే వాళ్ళు తగ్గారు. యాదమ్మ ఎదురొస్తే తల్లులు పిల్లలను వెనక్కి లాక్కునేవాళ్ళు. కొత్తగా బాలింతైన ఒకమ్మాయి ఇంట్లో యాదమ్మను గడప అవతలే ఆపేశారట. బాణామతి అన్న మాట ఇక్కడ ఎంత పెద్దదో నాకు నిజంగా తెలియదు. మా వైపు చేతబడి అంటే చీకట్లో చెప్పుకుని భయపడే కథ. ఇక్కడ ఆ పేరు పడితే ఆడమనిషిని కొట్టి చంపిన ఊళ్ళు కూడా ఉన్నాయని తర్వాత తెలిసింది. అప్పటికి మాట నా చేతిలో లేదు.

ఈలోపల మా ఆయన ఒకరోజు నవ్వుతూ, మూత్రం ఎర్రగా వస్తే కంగారుపడొద్దని, అది మాత్రల రంగేనని డాక్టరు మొదటిరోజే చెప్పాడని, నాకు చెప్పడం మర్చిపోయానని అన్నాడు. మర్చిపోయాడట! ఆ రోజు నేను ఆయనతో అన్నం ముందు కూర్చుని ఎందుకేడ్చానో ఆయనకు ఇప్పటికీ తెలియదు. మర్నాటి నుంచి పాలు తాగాను. కానీ మూట సంగతి మిగిలే ఉంది కదా, అది మాత్రం మాత్రల రంగు కాదు కదా అని మనసు వాదించేది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

యాదమ్మ ఎవరికీ జవాబు చెప్పలేదు. గల్లీ చివరిదాకా వినపడే ఆ గొంతు మూగబోయింది. ఒక్క మాట చెబితే పోయేదానికి, ఆ మూట ఫలానాది అంటే తీరిపోయేదానికి, ఆమె ఎందుకు నోరు విప్పలేదు? తప్పు చేసింది కాబట్టే, అని గల్లీ అనుకుంది. నేనూ అనుకున్నాను. సాయంత్రం మాత్రం మానకుండా వచ్చేది. బండారి రాసేది, చెయ్యి పెట్టేది. ఆ వేళ్ళు చిక్కిపోయాయి. పొద్దున పాలు పిండేటప్పుడు ఆమె పక్కన మల్లమ్మ ఒక్కతే ఉండేది. ఇద్దరూ పోట్లాడుకోవడం మానేశారు.

వేసవి దాటేసరికి నాకు జ్వరం పూర్తిగా పోయింది. ఒళ్ళు చేసింది. ఆషాఢం వచ్చింది. మిగతా ఆడవాళ్ళు యాదమ్మతో కలిసి బోనం ఎత్తేది లేదన్నారు. మొహం మీదే చెప్పారట. అప్పుడు మల్లమ్మ పత్తర్‌గట్టి బజారుకు వెళ్ళి ఒకే రకం చీరలు రెండు తెచ్చింది. ఆకుపచ్చ మీద ఎర్ర అంచు. ఒకటి యాదమ్మ చేతిలో పెట్టింది. వాకిట్లో నిలబడి చూశాను.

బోనాల రోజు పొద్దున యాదమ్మ తలస్నానం చేసి వచ్చి, మా గుమ్మం ముందు పీట వేసుకుని ఎక్కింది. మామిడాకుల వెనక నుంచి ఆ మూట తీసింది. నేను లోపల కత్తిపీట ముందు కూర్చుని ఉన్నాను. ఆమె మూట చేతిలో పట్టుకుని, ముడి మీద వేలు పెట్టి, కొంచెంసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత విప్పి, నన్ను పిలిచి చెప్పింది. నేను బాగుపడితే నా పేరున అమ్మవారికి బోనం పెడతానని మొక్కి కట్టిన ముడుపట అది. మొక్కు తీర్చే రోజుదాకా ఎవరికీ చెప్పకూడదట. నోరు దాటితే మొక్కు కరిగిపోతుందట, జబ్బు మళ్ళీ తిరగబెడుతుందట.

అర్థమైందా మీకు? గల్లీ అంతా కలిసి వేలెత్తి చూపుతుంటే ఆమె నోరు మూసుకున్నది నాకోసం. నేను బతకాలని. ఆమె చెల్లెలిలా నేను పోకూడదని.

ఆ ముడుపు బియ్యంతోనే బోనం వండింది. కుండకు పసుపు రాసి, వేపమండలు కట్టి, పైన దీపం పెట్టి ఎత్తుకుంది. ఆమె పక్కన మల్లమ్మ నడిచింది, అదే రంగు చీరలో. వాళ్ళ వెనక నేను నడిచాను. ఇంకెవరూ రాలేదు. డప్పుల మోతలో, రోడ్డుకు రెండు పక్కలా నిలబడిన జనం మమ్మల్ని చూశారు. ఎముకల గూడులా మంచం పట్టిన నేను కాళ్ళ మీద నడుస్తున్నానని చూశారు. ఆ చూపులోనే గల్లీ మనసు కొంచెం మారిందని తర్వాత తెలిసింది. మెల్లగా పాలకు మనుషులొచ్చారు. పిల్లలను లాక్కోవడం మానేశారు. ఇక్కడితో అయిపోయి ఉంటే, నా తప్పు పెద్దదే అయినా, ఈపాటికి నన్ను నేను క్షమించుకుని ఉండేదాన్నేమో.

ఆ సాయంత్రం యాదమ్మ నా దగ్గరికి వచ్చి కూర్చుంది. బండారి తేలేదు. అవసరం తీరిపోయింది కదా. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని అడిగింది.

"బిడ్డా, ఒక్కటి అడుగుత. గుమ్మం మీది ముడుపు నువ్వెన్నడన్న చూసినవా?"

"లేదు పిన్నిగారూ," అన్నాను. ఆలోచించలేదు. అడగడం పూర్తి కాకముందే జవాబు సిద్ధంగా ఉన్నట్టు వచ్చింది. "అక్కడ ఏదో ఉందనే నాకు తెలియదు."

"మంచిది. నీ మీద అనుమానం ఉండి అడగలే బిడ్డా, అడగాలె గాబట్టి అడిగిన. ఆ ముడి నాది కాదు. ఎవరో ఇప్పి మళ్ళ కట్టిండ్రు. లోపల చీర పేలిక ఉన్నదని గల్లీల గందరికి ఎట్ల ఎరుక మరి?" ఎదురింటి వైపు చూసింది. "నేను కడ్తుంటె చూసింది మల్లమ్మ ఒక్కతే."

"ఆవిడ మీతో నడిచింది కదండీ," అన్నాను. నా గొంతు నాకే వేరేలా వినపడింది.

"నడిచింది." యాదమ్మ నా చెయ్యి వదిలేసింది. "ఎందుకు నడిచిందో ఇప్పుడు సమజైతున్నది."

అక్కడ నేను చెప్పాలి. చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. ఆమె లేచి, కొంగు దులుపుకుని, వాకిలి దాటి, దొడ్లోకి వెళ్ళేదాకా ఉంది. నేను నోరు తెరవలేదు. ఇల్లు ఖాళీ చేయమంటుందని భయమా? కాదు. ఆ చెయ్యి మళ్ళీ నా నుదుటి మీద పడదని భయం. ఆమె నన్ను బిడ్డా అనడం మానేస్తుందని భయం. నా ప్రాణం నిలిపిన మనిషి కళ్ళలో నేను చెడ్డదాన్ని కాకుండా ఉండటం కోసం, ఆమెకు ఉన్న ఒక్క స్నేహితురాలిని చెడ్డదాన్ని చేశాను. నా అనుమానం నన్ను వదిలి ఆమెకు అంటుకుంది. క్షయ అంటుతుందని అందరూ భయపడ్డారు గానీ అంటింది ఇది.

మర్నాడు పొద్దున మల్లమ్మ ఎప్పట్లాగే వచ్చి బర్రె పక్కన కూర్చుంది. యాదమ్మ పాలు పిండుకుని, చెంబు తీసుకుని, తల తిప్పకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆ మర్నాడూ అంతే. తర్వాత మల్లమ్మ రావడం మానేసింది. ఎందుకో అడిగిందో లేదో నాకు తెలియదు. యాదమ్మ కారణం చెప్పలేదని మాత్రం తెలుసు. నోరు మూసుకోవడం ఆమెకు అప్పటికే అలవాటైంది. మరుసటి ఏడు బోనాలకు ఇద్దరూ వేర్వేరుగా వెళ్ళారు. మల్లమ్మ బోనం ఎత్తుకుని తన గడప దాటి, మా వాకిలి వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది. నేను కిటికీ తలుపు దగ్గరగా వేసుకున్నాను.

ఇంకొన్నాళ్ళకు మేము ఊరికి అవతలి వైపు సొంత ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయాం. ఏటా బోనాలకు యాదమ్మ నన్ను పిలిచేది. వెళ్ళేదాన్ని, తినేదాన్ని, బిడ్డా అనిపించుకుని వచ్చేదాన్ని. ఈసారి చెబుతాను అనుకుని బస్సెక్కడం, వచ్చేసారి చెబుతాను అనుకుని బస్సు దిగడం. సిగ్గు లేని మనిషిని అనుకుంటున్నారా? సిగ్గు ఉండబట్టే ఇదంతా.

రెండువేల తర్వాతి మాట. యాదమ్మకు పక్షవాతం వచ్చిందని ఆమె కొడుకు కబురు చేస్తే వెళ్ళాను. కుడివైపు పడిపోయింది. మాట పోయింది. మనుషులను మాత్రం గుర్తుపడుతోంది. బయట గుమ్మం దగ్గర ఆమె కోడలు నన్ను పక్కకు పిలిచి, పైకి చూపించింది. చెక్క సందులో పసుపు గుడ్డ మూట. ఎవరు పెట్టారో తెలియదట. తీసి పారేద్దామంటే భయంగా ఉందట, ఎవరైనా ఏదైనా చేశారేమోనని.

మూట ముడిలోంచి బట్ట కొస కనిపిస్తోంది. ఆకుపచ్చ మీద ఎర్ర అంచు. జబ్బు మనిషి బట్ట పెట్టాలి ముడుపులో. ఆ ఇంట్లోకి అడుగుపెట్టలేని మనిషికి యాదమ్మ బట్ట ఎలా దొరుకుతుంది? మల్లమ్మ తన చీరే చింపింది, ఎవరూ చూడని వేళ వచ్చి కట్టిపోయింది. జత చీర కదా, అమ్మవారు తేడా చూడదనుకుని ఉంటుంది.

అది మొక్కు, ముట్టుకోవద్దని కోడలికి చెప్పాను. ఎవరి మొక్కో చెప్పలేదు. ఏదో ఒక మంచిపని చేసినట్టు ఒక క్షణం గర్వపడ్డాను కూడా, ఆ మాటా దాచను. లోపలికి వెళ్ళి యాదమ్మ పక్కన కూర్చుని, ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టాను. గదిలో మేమిద్దరమే. ఆమె నన్నే చూస్తోంది. చెప్పాలని నోటిదాకా వచ్చింది. తిరిగి తిట్టలేని మనిషికి చెప్పి నా బరువు దింపుకోవడం దొంగతనం అనిపించింది. నిజంగా అనిపించిందా, లేక సాకు దొరికిందా? చెప్పి ఉంటే, ఆమె బాగున్న ఎడమ చేత్తో సైగ చేసి అయినా మల్లమ్మను పిలిపించుకునేది కదా. నేను అమ్మ చూస్తుంది పిన్నిగారూ అని మాత్రం అన్నాను. ఆమె మాటే ఆమెకు తిరిగిచ్చి వచ్చేశాను.

అమ్మ చూడలేదు. లేదా చూసే చేసిందేమో. యాదమ్మ ఆ ఎండాకాలం దాటలేదు.

శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. మల్లమ్మ వచ్చింది. వీధి గేటు దాటలేదు. పిలవని ఇంటికి ఎలా వస్తుంది? అవతలే నిలబడి, ఊచలు పట్టుకుని, ఏడవకుండా చూస్తోంది. నేను బయటికి వెళ్తే నా చెయ్యి పట్టుకుంది. నీతోని మస్తు మాట్లాడేది గద బిడ్డా, నా మీద ఎందుకు అలిగిందో నీకేమన్న చెప్పిందా అని అడిగింది. ముసలి గొంతు. కోపం లేదు అందులో, తెలుసుకోవాలన్న ఆశే ఉంది.

లేదు, అన్నాను.

రెండోసారి.

మల్లమ్మ ఇప్పుడు ఉందో లేదో నాకు తెలియదు. కనుక్కోలేదు. ఉందని తెలిస్తే వెళ్ళాల్సి వస్తుంది. లేదని తెలిస్తే ఇక ఎప్పటికీ వెళ్ళనక్కర్లేదన్న నిశ్చింత నాలో పుడుతుందేమోనని ఇంకా భయం. నన్ను నేను నమ్మను. ఇది రాయడం కూడా ఆమె దగ్గరికి వెళ్ళకుండా తప్పించుకునే దారేమో, మీరు ఆ అనుమానం పడినా తప్పులేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. క్షమించగలిగే ఇద్దరిలో ఒకరు పోయారు, రెండో ఆమె దగ్గరికి నేను పోలేదు.

కానీ ఆ ప్రశ్న నన్ను ఒకసారి అడిగారు, దానికి జవాబు ఇంకా బాకీ ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. పైకే చెబుతూ రాస్తున్నాను, నా గొంతు నాకు వినపడాలని.

చూశాను పిన్నిగారూ. గుమ్మం మీది ముడుపు చూశాను. నేనే విప్పాను. నేనే మళ్ళీ కట్టాను. ఆ ముడి నాది. మల్లమ్మ కాదు.